మా యూనివర్సిటీలో తొలి క్యూబ్‌శాట్ (డబ్బాలాంటి చిన్న ఉపగ్రహం) కట్టాలనుకుంటున్నాం, పేలోడ్ (అందులో పెట్టే కొలత పరికరం) విషయంలో సలహా కావాలి

అందరికీ నమస్కారం. ఎనిమిది మంది విద్యార్థులం, ఇద్దరు సార్లు కలిసి థర్మోస్ఫియర్‌ (వాతావరణంలో చాలా ఎత్తున ఉండే పలుచని గాలి పొర) కింది భాగం మీద పరిశోధనకి చిన్న ఉపగ్రహం మొదలుపెడుతున్నాం. బెలూన్లు అంత ఎత్తుకి వెళ్ళలేవు, ఉపగ్రహాలేమో అక్కడి గాలి రాపిడికి ఎక్కువ కాలం నిలవవు, అందుకే ఆ భాగం గురించి కొలతలు తక్కువ, మాకు ఆసక్తి కూడా అందుకే.

లాంగ్‌మ్యూర్ ప్రోబ్ (వోల్టేజీ ఇచ్చి చుట్టూ ఉన్న చార్జ్ కణాల్ని పట్టే చిన్న లోహపు కడ్డీ) పెడితే ఎలక్ట్రాన్ల సాంద్రత నేరుగా కొలవచ్చు. కానీ 10 సెంటీమీటర్ల డబ్బాకి లోహపు ఉపరితలం చాలా తక్కువ కాబట్టి ఉపగ్రహానికే చార్జ్ ఎక్కి రీడింగ్ తప్పుతుందని భయంగా ఉంది. దీన్ని మీరెవరైనా ఎలా దాటారు? లేక ప్రోబ్ వదిలేసి, జీపీఎస్ రిసీవర్ ఒక్కటే పెట్టి, కక్ష్య ఎంత వేగంగా దిగుతోందో చూసి గాలి సాంద్రత లెక్కకట్టడం మేలా? నాకైతే మొదటిసారికి అదే నయమనిపిస్తోంది, మా సార్లు ఒప్పుకోవట్లేదు.

ఇంకోటి, యాంటెన్నా. స్టీలు కొలత టేపు ముక్కల్ని మడిచి నైలాన్ దారంతో కట్టాం, రెసిస్టర్ వేడెక్కి దారం తెగగానే టప్‌మని తెరుచుకోవాలి, కానీ పదిసార్లలో రెండుసార్లు దారం సగం కాలి ఆగిపోతోంది. రెండో రెసిస్టర్ పెడితే చాలా?

హామ్ రేడియో (ఔత్సాహికుల రేడియో) ఫ్రీక్వెన్సీకి దరఖాస్తు డిజైన్ ఖరారయ్యాక పెట్టాలా, ముందేనా? చేసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.