రాకు (ఎర్రగా కాలుతుండగానే బట్టీలోంచి తీసే జపాన్ పద్ధతి) కుండలు బయటికి తీయగానే టక్కున పగులుతున్నాయి, తప్పు మట్టిదేనా?

కాజీపేట నైట్‌డ్యూటీ:
రైల్వేలో చేస్తాను. వారానికి ఒక రెస్ట్, అదంతా ఇప్పుడు మట్టికే పోతోంది. పాప ఎనిమిది, బాబు నాలుగో తరగతి. సెలవుల్లో వాళ్ల చేతుల్లోంచి ఫోన్ తీయిద్దామని మొదలుపెట్టాను, చివరికి పిచ్చి నాకు పట్టింది.

నర్సంపేట దగ్గర అమ్మ ఉండే ఊళ్లో, చేను గట్టున మా బట్టీ. (ముందు కాజీపేటలో డాబా మీద చేస్తే, పొగ చూసి ఎదురింటాయన బకెట్ నీళ్లతో వచ్చాడు.) 200 లీటర్ల పాత డ్రమ్ము కోయించి, లోపల వేడి నిలవడానికి దూదిలాంటి సిరామిక్ ఫైబర్ బ్లాంకెట్ కట్టాను. కింద బర్నర్‌కు ఒక రంధ్రం, మూతలో మంట పోవడానికి ఇంకొకటి. మొదటి కాల్పు ఊరి కుమ్మరాయన ఆవంలోనే. ఆయన బోనం కుండల మధ్య మా పిల్లల తాబేళ్లకు కూడా చోటిస్తాడు. తర్వాత మా ఆవిడ గ్లేజు (కాలితే గాజులా మెరిసే పూత) పూస్తుంది, నేను డ్రమ్ములో కాలుస్తాను. గ్లేజు కరిగి తడిగా మెరవగానే పట్టకారుతో తీసి, రంపపు పొట్టు పోసిన ఇనుప డబ్బాలో పెడతాను. భగ్గుమంటుంది, వెంటనే మూత. పిల్లలు మాత్రం చింతచెట్టు దాటి రాకూడదని గీత గీశాను.

మొన్న తొమ్మిది పెడితే ఐదు పోయాయి. పట్టకారు పైకి లేస్తుండగానే టక్. పాప చేసిన గ్లాసు రెండు ముక్కలు. మట్టికైతే వంక పెట్టలేం: చెరువు మట్టి నానబెట్టి, పాత చున్నీలో రెండుసార్లు వడగట్టాను, వెన్నలా ఉంది. మరి ఎందుకిలా? ఇంకోటి, అరగంట కాగానే మంట నీరసపడుతోంది, సిలిండర్ మీద తెల్లగా మంచులా పడుతోంది. పగలని కప్పులో చాయ్ పోయమని అమ్మ ఒకటే గోల, పోయవచ్చా?

సారె మీద పెరిగినోడు:
అన్నా, ఆ వెన్నే మీ కొంప ముంచింది. మాది కుమ్మరి ఇల్లు, నేను టీచర్‌ని, సెలవుల్లోనే సారె ముట్టుకుంటాను. అంత నున్నటి మట్టి మామూలు ఆవంలో అయితే నెమ్మదిగా కాలి, నెమ్మదిగా చల్లారి బతుకుతుంది. మీరేమో 900, 1000 డిగ్రీల వేడి మీదున్నదాన్ని ఒక్క క్షణంలో గాలిలోకి లాగుతున్నారు. పైపొర ముందే చల్లబడి కుంచించుకుంటుంది, లోపల ఇంకా ఉబ్బే ఉంటుంది. ఆ లాగులాటకే టక్. మట్టి గరుకుగా ఉండాలి. పగిలిన పాత కుండలు దంచి, రవ్వ జల్లెడ పట్టి, నాలుగో వంతు దాకా కలపండి. ఉత్త ఇసుక కంటే పెంకుల పొడే మేలు, అది ఒకసారి కాలిందే కాబట్టి కుదురుగా ఉంటుంది. పిల్లల బొమ్మల అడుగులు మందంగా ఉంటే గోకేయండి. తర్వాతి విడత కుండల్ని చల్లగా లోపల పెట్టకుండా డ్రమ్ము మూత మీద కాసేపు వేడెక్కించండి.

గ్యాసు బండ:
అది ఇంటి సిలిండరేనా? 14.2 కిలోలది వంటకే, ఇలాంటి పనికి వాడకూడదు. 19 కిలోల కమర్షియల్ తీసుకోండి. గ్యాస్ వేగంగా లాగితే బండ చల్లబడి ప్రెషర్ పడిపోతుంది, ఆ మంచు దానిదే. దయచేసి బండ కింద మంట పెట్టి వేడి చేయకండి, రెండు బండలు కలిపితే సరిపోతుంది. ఒంటి మీద నైలాన్ బట్టలు వద్దు, నూలువే. ఫైబర్ కోసేటప్పుడు మంచి మాస్క్ తప్పనిసరి, ఆ దూది ఊపిరితిత్తులకు మంచిది కాదు. గడ్డివాముకు దూరంగా చేస్తున్నారనుకుంటా.

పగుళ్ల ప్రేమికురాలు:
అమ్మకు చాయ్ వద్దండీ. తక్కువ వేడికి కాలింది, నీళ్లు పీలుస్తుంది. పైగా గ్లేజు నిండా సన్నటి పగుళ్లు, వాటిలోకి పొగ దూరితేనే ఆ నల్లగీతల అందం. రాగి కలిపిన గ్లేజయితే అసలే వద్దు. అయితే 16వ శతాబ్దంలో జపాన్‌లోని క్యోటోలో చోజిరో అనే కుమ్మరి చేసిన రాకు కప్పులు తేనీటికోసమే, తేనీటి గురువు సెన్ నో రిక్యూ కోరితే చేసినవి. కాకపోతే అక్కడ పొట్టులో పెట్టరు, ఎర్రగా కాలినదాన్ని తీసి బయటే చల్లారుస్తారు. పొట్టు, పొగ 1960ల్లో అమెరికాలో పాల్ సోల్డ్‌నర్ వంటివాళ్లు తెచ్చిన పద్ధతి. మనం చేస్తున్నది ఇదే.

కాజీపేట నైట్‌డ్యూటీ:
మూడు వారాలు పట్టింది, ఆలస్యానికి ఏమనుకోకండి. అమ్మ దగ్గర పగిలిన కూజా ఉంది, దాన్నే రోట్లో దంచాం. దంచుతూ అమ్మ అన్నది, "పిండి జల్లించినట్టు జల్లిస్తుంటే అప్పుడే అనుకున్నా". అప్పుడే చెబితే ఏం పోయేదో! ఎనిమిది పెడితే ఒక్కటే పోయింది, అదీ నేను పట్టకారుతో గట్టిగా నొక్కడం వల్ల. బాబు తాబేలు మీద రాగి గ్లేజు ఒకపక్క ఎర్రగా, ఒకపక్క నెమలి మెడలా వచ్చింది. కమర్షియల్ బండకు అప్లై చేశాను, ఈసారికి ఊళ్లో టిఫిన్ సెంటరాయన తనది తెచ్చి, దగ్గరుండి చూశాడు.

చాయ్ స్టీలు గ్లాసులోనే పోస్తున్నాం. అమ్మ ఆ కప్పులో తన వక్కలు పెట్టుకుంది.

సారె మీద పెరిగినోడు:
ఆ రాగి మెరుపు కొన్ని నెలలకు మసకబారుతుంది, బాబుకు ముందే చెప్పి ఉంచండి. ఒక ఫోటో పెట్టండి అన్నా, తాబేలుది.