హెచ్.ఎం.వి. పెట్టె గ్రామఫోను: 101 నమూనానా, 102 నమూనానా?

ప్రశ్న:
సూట్‌కేసులా మూసి చేత పట్టుకుపోగలిగిన కీ గ్రామఫోను ఒకటి, మా తాతగారు వాడినది, ఇటీవల నా దగ్గరకు వచ్చింది. మూత లోపల హెచ్.ఎం.వి. కుక్క బొమ్మ ఉంది గాని నమూనా సంఖ్య ఎక్కడా కనబడడం లేదు. కీ ఇస్తే పళ్ళెం తిరుగుతోంది, అయితే నడుమ నడుమ లోపల ధబ్బుమని చప్పుడవుతోంది. పాట కూడా జీరగా వినబడుతోంది. ఇది ఏ నమూనాయో, అసలుదో నకలో ఎలా తేల్చుకోవాలి? 1960ల నాటి సినిమా పాటల ప్లేట్లను దీని మీద వేయవచ్చునా?

జవాబు 1:
బొమ్మను ఎవరైనా అతికించగలరు కనుక దానిని నమ్మకండి. సౌండ్‌బాక్సునూ (ముల్లు అదురును పలుచని పొరతో ధ్వనిగా మార్చే గుండ్రని డబ్బా), దానిని మోసే గొట్టాన్నీ చూడండి. 1925లో వచ్చిన 101 నమూనాకు సాధారణంగా అభ్రకం పొర గల 4వ నంబరు సౌండ్‌బాక్సు ఉంటుంది. ముల్లు మార్చేందుకు గొట్టం చివరి వంపును వెనక్కి మడవవలసి వస్తుంది. 1931లో మొదలై 1950ల దాకా తయారైన 102 నమూనాకు ఆ మడత లేదు. ఎక్కువ వాటికి అల్యూమినియం పొర గల 5ఏ గాని 5బి గాని అమర్చారు. మన దేశంలో నకళ్ళు ప్రధానంగా ఇత్తడి బాకా ఉన్నవాటిలోనే వస్తాయి. పెట్టె రకంలో మనకు ఎదురయ్యేది నకలు కంటే కలగాపులగమే, అంటే మరమ్మతుల్లో ఒక యంత్రపు భాగాలు మరొకదానికి చేరడం.

జవాబు 2:
పై మాటకు చిన్న చేర్పు. పళ్ళెం కింది పలకను విప్పి మోటారు (కీ ఇచ్చిన స్ప్రింగుతో పళ్ళెాన్ని తిప్పే యంత్రం) మీద పేరు చదవండి. హెచ్.ఎం.వి. మోటారు కాక థోరెన్స్ లేదా పాయార్ అని ఉంటే యంత్రం మార్చబడిందన్నమాట. స్విట్జర్లాండ్‌లో సంగీతపు పెట్టెలకు పేరుపడ్డ సెంట్ క్రువా ఊరి సంస్థలివి. వీటి మోటార్లను ఇతర తయారీదారులు కొని తమ పెట్టెల్లో బిగించుకునేవారు. ఈ తరహా పెట్టెలకు పేరు తెచ్చినది మాత్రం 1914లో లండన్‌లోని బార్నెట్ శామ్యూల్ సంస్థ తెచ్చిన డెక్కా. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికులు దానిని కందకాలలోకి కూడా తీసుకుపోయారు. 1929లో పుట్టిన డెక్కా రికార్డు కంపెనీకి ఆ పేరు ఈ పెట్టె నుంచే వచ్చింది. నా మట్టుకు, ధ్వనిలో 102ను మించిన పెట్టె లేదు.

జవాబు 3:
ధబ్బుమనే చప్పుడు స్ప్రింగుది. డబ్బాలోని పాత గ్రీజు గట్టిపడితే స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అంటుకుని, ఒక్కసారిగా విడివడతాయి. పూర్తిగా కీ దిగిన తరువాత తప్ప మోటారును ముట్టుకోకండి. స్ప్రింగు డబ్బాను మాత్రం మీరు తెరవవద్దు, చేయి తెలిసినవారికే ఇవ్వండి. ఎగిరివచ్చిన స్ప్రింగు చేతులు కోసేస్తుంది. జీరకు కారణం దాదాపు ఎప్పుడూ సౌండ్‌బాక్సులోని రబ్బరు ఎండి గట్టిపడడమే, కొత్త రబ్బరు వేస్తే పోతుంది.

ఇక ప్లేట్ల సంగతి. లక్కతో చేసిన పాత 78 ప్లేట్లకు (నిమిషానికి 78 చుట్లు తిరిగేవి) కొత్త ఉక్కు ముల్లు వాడి, ఒక వైపు పాడగానే దానిని పారవేయాలి. ప్లేటులోని గరుకు పొడి ముల్లును అరగదీస్తుంది, అరిగిన ముల్లు గాడిని చెరుస్తుంది. 1960ల 78 ప్లేట్లు తేలికైన విద్యుత్ పికప్‌లను (విద్యుత్ ప్లేయర్లలో ముల్లును మోసే భాగం) ఉద్దేశించి వచ్చినవి. నూరు గ్రాములకు మించిన సౌండ్‌బాక్సు బరువు వాటికి తగదు. వినైల్ ప్లేటునైతే ఒక్కసారి వేసినా పాడవుతుంది.

ప్రశ్న అడిగినవారు:
సౌండ్‌బాక్సు మీద 5బి అని ఉంది, గొట్టానికి మడత లేదు, మోటారు కూడా హెచ్.ఎం.వి.దే. కనుక 102 అని స్థిరపడింది. సినిమా ప్లేట్లను విద్యుత్ ప్లేయరుకు వదలి, ముందుగా రబ్బరు మార్పిస్తాను. కొత్త ఉక్కు ముళ్ళు మన దగ్గర ఎక్కడ దొరుకుతున్నాయో తెలిసినవారు దయచేసి తెలుపగలరు.