గర్భిణులకు ఫోన్ ద్వారా ఆరోగ్య సమాచారం: యాప్ మేలా, వాయిస్ సందేశాలా?

ప్రశ్న (ప్రసూతి విభాగం నర్సు):
పరీక్షలకు వచ్చే గర్భిణులకు మేమిచ్చే కరపత్రాలు చాలావరకు మడత విప్పకుండానే సంచుల్లో ఉండిపోతున్నాయి. అందుకని వారం వారం ఫోన్‌కు సమాచారం పంపాలనుకుంటున్నాము. యాప్ చేయించాలా, వాట్సాప్‌లో రాసి పంపాలా, మాటల రూపంలో వినిపించాలా అన్నది తేల్చుకోలేకపోతున్నాము. అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు.

జవాబు 1 (ప్రసూతి వైద్యురాలు):
అంతకంటే ముందు ఏం చెప్పాలో తేల్చుకోండి. ఎనిమిదో నెలలో ఉన్న ఒకావిడ, రెండు రోజులుగా తల పగిలిపోతున్నా నిద్ర చాలకేమోనని ఊరుకున్నారు. మా దగ్గరకు వచ్చేసరికి రక్తపోటు 160/110 ఉంది. ఆమె ఫోన్‌లోని యాప్ ఆ వారం శిశువు బరువెంతో చెప్పింది గానీ తలనొప్పి ఊసే ఎత్తలేదు. తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, రక్తస్రావం, ఉమ్మనీరు పోవడం, బిడ్డ కదలికలు తగ్గడం: వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి రావాలన్న మాటను పదే పదే చెప్పాలి. గుర్రపువాతం (రక్తపోటు బాగా పెరిగి మూర్ఛలు రావడం) ముప్పు కాన్పు తర్వాత ఆరు వారాల వరకూ ఉంటుంది కనుక, సందేశాలు ప్రసవంతో ఆగిపోకూడదు.

జవాబు 2 (ఆరోగ్య కార్యకర్త):
నా ఓటు వాయిస్ సందేశాలకే. చదవడం రానివారికీ, మామూలు ఫోన్ ఉన్నవారికీ అవే అందుతాయి. భారత ప్రభుత్వ 'కిల్కారీ' కార్యక్రమం కూడా గర్భం నాలుగో నెల నుంచి బిడ్డకు ఏడాది నిండేవరకు 72 సందేశాలను ఫోన్‌లోనే వినిపించేలా రూపొందింది. అయితే చాలా ఇళ్లలో ఫోన్ భర్త జేబులో ఉంటుంది. పగలు చేసిన కాల్ ఆమె చెవిన పడదు. ఏ వేళకు చేస్తే వినగలరో పేరు నమోదు చేసేటప్పుడే ఆమెను అడగండి.

జవాబు 3 (సందేశాల సాఫ్ట్‌వేర్ నిర్వాహకుడు):
ఒక్క విషయం మరవకండి. గర్భం నిలవని స్త్రీకి మరుసటి వారం కూడా "మీ బిడ్డ ఇప్పుడు ఇంత పెరిగింది" అని సందేశం వెళ్తే ఆ బాధ చెప్పనలవి కాదు. నేను చూసుకున్న ఒక వ్యవస్థలో ఇది జరిగింది. ఆపమని ఆమె ఎవరికి చెప్పాలో కూడా మేము తెలపలేదు. ఒక్క అంకె నొక్కితే, కారణం అడగకుండా, సందేశాలు ఆగిపోవాలి.

ప్రశ్న అడిగినవారు:
ఈ సంగతి మాకు తట్టనే లేదండి. ముందు ఆ ఏర్పాటు పూర్తిచేసి, ఆ తర్వాతే మొదటి సందేశం రికార్డు చేస్తాము.