‘ఉప’ దిగిపోతే ముఖ్యమంత్రి పదవి ఎందుకు పోయింది?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. ఉత్తర ఐర్లాండ్ నాయకుడు మార్టిన్ మెక్‌గినెస్ మీద ఒక వ్యాసం తెలుగు చేస్తూ ఈ వాక్యం దగ్గర ఇరుక్కుపోయాను: ‘2017 జనవరి 9న ఉప ముఖ్యమంత్రి మెక్‌గినెస్ రాజీనామా చేయడంతో ముఖ్యమంత్రి ఆర్లీన్ ఫాస్టర్ పదవి పోయింది.’ చదివిన మిత్రుడు ఎర్రగీత గీసి, ‘పేర్లు తారుమారు చేశావా? డిప్యూటీ దిగిపోతే సీఎం పదవి పోవడమేంటి?’ అని రాశాడు. పేర్లు సరిగ్గానే ఉన్నాయి. ‘ఉప’ కాక ఇంకేం వాడాలి?

జవాబు:
మీ వాక్యం ఒప్పేనండీ, చిక్కంతా ‘ఉప’తోనే. మన రాజ్యాంగంలో ఉప ముఖ్యమంత్రి అనే పదవే లేదు. 2019లో ఆంధ్రలో ఒకేసారి ఐదుగురిని చూశాం కూడా. ఆ అలవాటున్న చెవికి ‘ఉప’ అంటే ఒక మెట్టు కింద.

ఉత్తర ఐర్లాండ్ రాజధాని బెల్‌ఫాస్ట్‌లో లెక్క వేరు. 1998 నాటి గుడ్ ఫ్రైడే శాంతి ఒప్పందంతో వచ్చిన ఏర్పాటులో పదవులు రెండైనా అధికారం సమానం. ఒకరు ఒప్పుకోకుండా రెండోవారు ముందుకు పోలేరు. ఒకరు తప్పుకుంటే రెండోవారి పదవీ పోతుంది. ఒక ఎద్దు కాడి పడేస్తే రెండోది దున్నేదేముంది! ఇంగ్లిష్ చట్టంలో ‘ఫస్ట్ మినిస్టర్’ని పెద్దక్షరాలతో రాసి, ముందున్న ‘డిప్యూటీ’లో ‘డి’ని మాత్రం చిన్నక్షరంగా ఉంచారు. తెలుగు లిపిలో పెద్దా చిన్నా లేవు కాబట్టి ఆ ముచ్చట మనకు కనిపించదు.

నేనైతే ‘సహ ముఖ్యమంత్రి’ అంటాను. డెర్రీలో పుట్టి, బ్రిటిష్ పాలనపై ఆయుధం పట్టిన ఐఆర్ఏలో నాయకుడిగా ఎదిగి, 1999లో విద్యాశాఖ మంత్రి అయిన మెక్‌గినెస్ 2007 మే 8న ముఖ్యమంత్రి ఇయాన్ పెయిస్లీ పక్కన ప్రమాణం చేశాడు. పెయిస్లీ అంటే జీవితమంతా ఐఆర్ఏ వర్గాన్ని తిట్టిపోసిన పాస్టరు. ఇద్దరూ పక్కపక్కన పగలబడి నవ్వే ఫోటోలు చూసి పత్రికలవాళ్లు ‘చకిల్ బ్రదర్స్’ అని పేరు పెట్టారు. ఆ తర్వాత పీటర్ రాబిన్సన్, ఆపైన ఫాస్టర్. ముఖ్యమంత్రులు ముగ్గురు మారినా దాదాపు పదేళ్లు ఈయన కుర్చీ మాత్రం మారలేదు. అలాంటివాణ్ణి ‘ఉప’ అంటే ఏదోలా లేదూ?

ఇంకొకరు:
నాకు ‘సహ’ నచ్చలేదు. అసలు బిరుదులోనే ‘డిప్యూటీ’ ఉంటే దాన్ని దిద్దే హక్కు అనువాదకుడికి ఎక్కడిది? పైగా ఐరిష్ భాషలోనూ ఈ పదవికి ‘ల్యాస్’ (leas) అనే ఉపసర్గే చేర్చారు. సవతి తల్లిని చెప్పే మాట ముందూ అదే ఉపసర్గ! మన ‘ఉప’ దానికంటే మర్యాదస్తురాలు. సంస్కృతంలో దాని మొదటి అర్థం ‘దగ్గర, పక్కన’. ఉపనయనం, ఉపనిషత్తు చూడండి, కింద అనే అర్థం వాటిలో లేదు. ‘ఉప’నే ఉంచి, మొదటిసారి వచ్చినచోట ఒక్క వాక్యం వివరణ ఇవ్వండి చాలు.

అన్నట్టు, యూనియనిస్టును ‘సమైక్యవాది’ అని మాత్రం రాయకండి. మనవాళ్లకు సమైక్యాంధ్ర గుర్తొస్తుంది. అక్కడ ఐర్లాండ్ అంతా ఒకటి కావాలనేది నేషనలిస్టులు, బ్రిటన్‌తో కలిసి ఉండాలనేది యూనియనిస్టులు. తెలుగు మాట పెట్టగానే తలకిందులవుతుంది.

ప్రశ్న వేసినవారు:
ఉపనయనం సంగతి బాగుంది గానీ మాస్టారూ, పేపరు చదివేవాడు సంస్కృత వ్యుత్పత్తి దాకా వెళ్తాడా? అయినా మీ దారే పట్టాను, బిరుదు మార్చలేదు. యూనియనిస్టు అలాగే ఉంటాడు. వాక్యం ఇలా తిరగరాశాను: ‘ఇద్దరివీ జంట పదవులు. ఉప ముఖ్యమంత్రి మెక్‌గినెస్ రాజీనామా చేయగానే చట్టం ప్రకారం ముఖ్యమంత్రి ఫాస్టర్ పదవీ పోయింది.’

ఇప్పుడు ఆ రాజీనామాకు కారణం దగ్గర ఆగాను. కలప గుళికల బాయిలర్లకు ఇచ్చిన సబ్సిడీ ఇంధనం ఖర్చును మించిపోయి, ఎంత కాలిస్తే అంత లాభం అయింది. ఆ పథకం మొదలైనప్పుడు సంబంధిత మంత్రి ఫాస్టరే. విచారణ కోసం కొన్నాళ్లు పక్కకు జరగమంటే ఆమె కాదంది. ఆ గొడవకు అక్కడ ‘క్యాష్ ఫర్ యాష్’ అని పేరు. నేను ‘బూడిదకు డబ్బులు’ అని రాశాను, ప్రాస పోయింది. ఎవరికైనా ఏమైనా తడితే చెప్పండి.

జవాబు:
‘కాల్చినోడికి కాసులు’ చూడండి. బూడిద పోయినా ‘కా’ మిగిలింది.