కీళ్ళవాపు ఉన్న గుర్రానికి థైరాయిడ్ తక్కువ వచ్చింది, మాత్ర వేయాలా?

ప్రశ్న: బెంగళూరు యలహంక దగ్గర మా లాయంలో 17 ఏళ్ళ ఆడగుర్రం ఉంది. ముందుకాలి కీలు చాలాకాలంగా వాచి ఉంటోంది. నొప్పికి ఫినైల్‌బ్యూటజోన్ వాడుతున్నాం. మెడ పైభాగంలో కొవ్వు గట్టిపడింది, ఎప్పుడూ బద్ధకంగా ఉంటోంది. రక్తపరీక్షలో టీ4 అనే థైరాయిడ్ హార్మోన్ తక్కువ వచ్చింది. థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టేయమంటున్నారు. టెన్షన్‌గా ఉందండీ.

జవాబు: తొందరపడకండి. పెద్ద గుర్రాల్లో థైరాయిడ్ గ్రంథే చెడిపోవడం చాలా అరుదు. వాపు ఎన్నాళ్ళుగానో ఉంటే సైటోకైన్లు అనే రసాయనాలు రక్తంలో పెరుగుతాయి. మెదడు నుంచి థైరాయిడ్‌కు అందే ఆదేశం వాటివల్ల తగ్గుతుంది, టీ4 ఒంట్లో పనిచేసే రూపమైన టీ3గా మారడమూ మందగిస్తుంది. గ్రంథి బాగానే ఉన్నా అంకె పడిపోతుంది. పైగా ఫినైల్‌బ్యూటజోన్ కూడా టీ4ని తగ్గిస్తుంది. ఆపిన తర్వాత పది రోజుల దాకా ఆ ప్రభావం ఉండొచ్చు. అలాగని డాక్టరు చెప్పకుండా ఆపేయొద్దు.

మెడ కొవ్వు అన్నారు కాబట్టి నా అనుమానమంతా ఇన్సులిన్ మీదే.

ప్రశ్న: షుగర్ నార్మల్ వచ్చిందండీ.

జవాబు: గుర్రాల్లో అదే తిరకాసు. ఇన్సులిన్ ఎంత పెరిగినా షుగర్ చాలాసార్లు మామూలుగానే కనబడుతుంది. కొవ్వు పేరుకున్న ఒంట్లో సన్నటి వాపు సాగుతూ ఇన్సులిన్ పనిని అడ్డుకుంటుంది, దాంతో క్లోమం ఇంకా ఎక్కువ వదులుతుంది. ఎక్కువైన ఇన్సులిన్ ఒక్కటే చాలు, లామినైటిస్ (డెక్క లోపలి పొర దెబ్బతిని నొప్పిపెట్టే జబ్బు) తెప్పించడానికి. డెక్కలు వేడిగా ఉన్నాయా, మలుపు తిరిగేటప్పుడు తడబడుతోందా, రోజూ చూడండి.

ఇంకొకరి జవాబు: వయసు 17 కదా, ఏసీటీహెచ్ అనే హార్మోన్ పరీక్ష కూడా చేయించండి, మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథికి జబ్బు ఉందేమో తేలుతుంది. కానీ నొప్పి ఎక్కువగా ఉన్న రోజునో, వ్యాన్‌లో తిప్పి దింపిన వెంటనేనో రక్తం తీయించకండి. నొప్పికీ బెదురుకీ కూడా ఆ హార్మోన్ పెరుగుతుంది. మన సైస్‌లు (గుర్రాలను చూసుకునేవాళ్ళు) ప్రేమగా పెట్టే బెల్లం ముక్క మాత్రం ఇవాళే బంద్! ఎండుగడ్డిని అరగంట నుంచి గంట నానబెట్టి, నీళ్ళు పారబోసి పెడితే కొంత చక్కెర పోతుంది. ఎండాకాలంలో త్వరగా పులుస్తుంది, మిగిలింది పారేయండి.

ప్రశ్న: ఇన్సులిన్ పరీక్షకి పరగడుపున ఉంచాలా?

జవాబు: అక్కర్లేదు. పస్తు పెడితే ఇన్సులిన్ తగ్గి, ఉన్న సమస్య దాక్కోవచ్చు. దాణా ఆపి ఎండుగడ్డి మాత్రం ఉంచండి. చక్కెర పాకం తాగించి చేసే పరీక్షకి పద్ధతి వేరు, అది డాక్టరునే అడగండి.