డయాలసిస్‌కు వెళ్లే అమ్మ బస్సు మెట్టు ఎక్కలేకపోతోంది, ఏం చేయాలి?

ప్రశ్న:
మా అమ్మకు అరవై రెండేళ్లు. వారానికి మూడుసార్లు డయాలసిస్ కోసం మా ఊరి నుంచి పట్టణానికి పల్లెవెలుగు బస్సులో వెళ్లి వస్తుంది. 2023 డిసెంబరు 9న తెలంగాణలో మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం మొదలయ్యాక మాకు పెద్ద బరువే దిగింది. అంతకు ముందు చేతిలో డబ్బు ఆడక ఒక పూట డయాలసిస్ మానేసిన వారాలున్నాయి; అలాంటప్పుడు ఆమె కాళ్లు ఉబ్బిపోయి, పడుకుంటే ఊపిరాడక, రాత్రంతా గోడకు ఆనుకుని కూర్చునేది. ఇప్పుడు జీరో టికెట్ చేతికి వస్తోంది గానీ, బస్సు ఎక్కడమే గండంగా ఉంది. మొదటి మెట్టు ఆమె మోకాలి ఎత్తున ఉంటుంది. పోయిన వారం తిరిగి వస్తూ కళ్లు తిరిగి ఆ మెట్టు మీదే కూలబడింది. నెలకు పన్నెండు సార్లు ఆటో మాట్లాడుకునే స్తోమత మాకు లేదు. ఇలాంటి ప్రయాణాలు చేయిస్తున్నవారు దయచేసి దారి చెప్పగలరు.

జవాబు 1 (డయాలసిస్ టెక్నీషియన్):
నాలుగు గంటల పాటు ఒంట్లోని నీటిని తీసేశాక బీపీ పడిపోవడం తరచుగా జరిగేదే. కాబట్టి మంచం దిగగానే బస్టాండుకు బయలుదేరవద్దు. కాసేపు కూర్చోబెట్టి, నిలబడినప్పుడు కూడా బీపీ చూడమని అక్కడి సిబ్బందిని అడగండి. మరొక ముఖ్యమైన విషయం: ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం) ఉన్న చేత్తో బస్సు కడ్డీ పట్టుకుని ఒంటి బరువును పైకి లాగకూడదు, ఆ చేతికి సంచీ తగిలించకూడదు. సూది తీసిన చోట మళ్లీ రక్తం వచ్చే ప్రమాదం ఉంటుంది. అమ్మగారికి ఏ చేతికి ఫిస్టులా ఉందో చూసి, రెండో చేత్తో కడ్డీ పట్టుకోవడం ఇంటి దగ్గర మెట్ల మీదే అలవాటు చేయించండి. బస్సు వేళ కుదరకపోతే షిఫ్టు మార్చమని అడగడానికి మొహమాటపడకండి.

జవాబు 2 (విశ్రాంత బస్సు డ్రైవర్):
అమ్మా, మామూలు బస్సు ఫ్లోరు నేల నుంచి దాదాపు 900 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది, దాన్ని మీరూ నేనూ దించలేము. కానీ మీ ఊరి స్టాపు దగ్గర ఒకసారి కిందికి చూడండి. చాలా ఊళ్లలో తారు రోడ్డు అంచు కన్నా పక్కనున్న మట్టి జానెడు లోతుకు కుంగిపోయి ఉంటుంది; ప్రయాణికులు ఆ గుంటలో నిలబడి ఎక్కుతారు కాబట్టి మెట్టు మరో జానెడు పెరిగినట్టే. అక్కడ గట్టిగా మొరం పోయించి, రోడ్డు అంచున చిన్న సిమెంటు గద్దె కట్టించమని పంచాయతీని అడగండి. బస్సును ఆ గద్దెకు ఆనించి ఆపాలని డిపో మేనేజరుకు కాగితం మీద రాసివ్వండి. నోటిమాటగా చెబితే డ్రైవరు మారినప్పుడల్లా మళ్లీ చెప్పుకోవాల్సి వస్తుంది.

జవాబు 3 (చక్రాల కుర్చీ వాడే పాఠకుడు):
డిపో మేనేజరుకు రాసే ఆ కాగితంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 41వ సెక్షన్‌ను తప్పకుండా ప్రస్తావించండి. బస్టాపుల్లో సౌకర్యాలు కల్పించడం, వీలైన చోట పాత వాహనాలనూ మార్పించడం ప్రభుత్వ బాధ్యత అని అది చెబుతోంది. 400 మిల్లీమీటర్ల ఎత్తు ఫ్లోరుండే బస్సులు మన దేశంలోనే తయారవుతున్నాయి, అవి పల్లె దారులకు ఎందుకు రాకూడదన్నది నా ప్రశ్న. గుంతల దారికి అవి పనికిరావంటారు. అలాగైతే బాగు చేయాల్సింది దారినే కదా.

జవాబు 4 (సోంపేట ప్రాంతం నుంచి):
శ్రీకాకుళం జిల్లాలోని మా ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఇంటింటి కథ. ఒకప్పుడు డయాలసిస్‌కు వెళ్లాల్సి వచ్చిన విశాఖ ఇక్కడి నుంచి రెండు వందల కిలోమీటర్ల పైమాటే. డయాలసిస్ కేంద్రాలు సోంపేట, పలాస దాకా వచ్చాక ప్రయాణ బడలిక ఎంత తగ్గిందో రోగి ముఖం చూస్తే తెలుస్తుంది. మీ మండల కేంద్రంలోనే డయాలసిస్ పెట్టించమని కూడా అడగండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. అమ్మకు ఫిస్టులా ఎడమ చేతికే ఉంది, ఇన్నాళ్లూ ఆమె కడ్డీ పట్టుకున్నదీ ఆ చేత్తోనే. పెద్దాయన చెప్పినట్టే మా స్టాపు దగ్గర మట్టి జానెడు కుంగి ఉంది. పంచాయతీకి, డిపోకు అర్జీలు రాశాను. గద్దె కట్టేదాకా ఒక గట్టి చెక్క పీటను స్టాపు పక్కనున్న టీ కొట్టులో ఉంచాము. ఈ ఉదయం ఆ కొట్టు యజమానే దాన్ని తెచ్చి మెట్టు కింద వేశారు.