సద్దుల నాటికి మూడడుగుల బతుకమ్మ ఒరగకుండా పేర్చేదెట్లా? (సిరోంచ)

ప్రాణహిత ఒడ్డు:
మహారాష్ట్ర వైపు సిరోంచలో వాడందరి తరఫున ఈసారి సద్దులకు ఒక్కటే పెద్ద బతుకమ్మ అనుకుంటున్నాం. రెండడుగుల దాకా బాగానే నిలుస్తుంది, ఆపైన ఓ పక్కకు ఒరుగుతుంది. కింద ఎంత వెడల్పుండాలి? గునుగు ఎంత తేవాలి? రంగు గునుగు పక్క వరుసకు అంటకుండా ఏం చేయాలి? మండపం, మైకు పర్మిషన్ల సంగతి కూడా తెలిసినవాళ్లు చెప్పండి.

గునుగుపూలు:
అక్కా, ఒరిగేది పూల వల్ల కాదు, నడుమ బోలుగా ఉన్నందుకు. బయటి వరుస అందంగా వస్తోందని పేర్చుకుంటూ పోతారు, లోపల నింపాలన్నది చివరికి గుర్తొస్తుంది. ఒక్కో వరుస పెట్టగానే నడిమిట్ల తంగేడు ఆకు, కోసేసిన గునుగు కాడల ముక్కలు పోసి అరచేత్తో అదమాలి. నడుమ ఎప్పుడూ అంచుకన్నా వేలెడు పల్లంగా ఉండాలి. అప్పుడే కాడ లోపలికి వాలి, బరువు నడిమికి పడుతుంది. నడుమ ఉబ్బితే పూలు బయటికి జారతాయి, ఇక దారం ఎంత చుట్టినా ఆగవు.

మూడడుగుల ఎత్తుకు కింద రెండడుగుల వెడల్పు తగ్గొద్దు. తాంబాళం చాలదు. వెదురు సిబ్బి మీద గుమ్మడాకులు గానీ మోదుగాకులు గానీ పరిచి మొదలుపెట్టండి. రెండడుగుల చుట్టుకొలత 75 అంగుళాలు, పది పన్నెండు పూల గునుగు కట్ట అంగుళంన్నర పడుతుంది. అంటే కింది వరుసకే 50 కట్టలు. పైకి పోను సన్నబడుతుంది కాబట్టి, రెండేసి అంగుళాల 18 వరుసలకు మొత్తం 550 కట్టల లెక్క. వరుస విడిచి వరుస తంగేడు, బంతి పెడితే గునుగు సగం చాలు. మూడు వరుసలకోసారి దారం చుట్టండి.

చాందా కోడలు:
రంగు అంటేది తడి ఆరకముందే పేర్చినందుకు. రంగు వేడినీళ్లలో కలిపి, చల్లారాక పువ్వు మాత్రమే ముంచాలి. కాడ తడిస్తే కట్ట బరువెక్కుతుంది, పేర్చాక అదే కిందికి కారుతుంది. ముంచి, విదిలించి, నీడపట్టున రాత్రంతా ఆరనివ్వండి. ఎట్లాగూ నీళ్లలో కలిసేదే కాబట్టి తినే రంగులు వాడడం మేలు. తంగేడు మాత్రం ముందురోజు తేవద్దు, రేకులు రాలిపోతాయి. గునుగు రెండు రోజులు ముందు తెచ్చినా ఏం కాదు.

నడుమ వెదురు బద్ద నిలబెడితే ఇంకా గట్టిగా ఉంటుంది కదా?

గునుగుపూలు:
మూడడుగులకు వద్దు. బద్ద కదిలితే దాంతోపాటే మొత్తం కదులుతుంది. నాలుగడుగులు దాటితే తప్పదు. అప్పుడు కింద చెక్క పెట్టి, దానికి అడ్డంగా రెండు కర్రలు కట్టి, బద్దను వాటికే బిగించాలి. మోసేటప్పుడు నలుగురికీ ఆ కర్రలే పట్టు. లోపల థర్మాకోల్ మాత్రం పెట్టకండి, తేలికని పెడతారు గానీ నదిలో మిగిలేది అదే.

కాళేశ్వరం ఎదురుగట్టు:
పర్మిషన్ దగ్గర అందరూ తప్పేది ఒక్కచోటే. ఇక్కడ నవరాత్రి మండళ్లు (ఉత్సవ కమిటీలు) ఘటస్థాపన, అంటే నవరాత్రి మొదటి రోజు నుంచి పర్మిషన్ అడుగుతాయి. ఎంగిలిపూల బతుకమ్మ దానికి ముందురోజు, ఇక్కడి మరాఠీవాళ్లు సర్వపిత్రీ అనే అమావాస్య నాడు. దరఖాస్తులో ఆ తేదీ విడిగా రాయకపోతే మొదటి రోజు లైట్లుండవు, మైకుండదు. నగర పంచాయతీలో జాగాకు, పోలీస్ స్టేషన్లో మైకుకు వేర్వేరుగా ఇవ్వండి. రాత్రి 10 దాటితే మైకు బంద్. ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వొచ్చని రూల్లో ఉంది, సద్దుల రోజు అందులో ఉందో లేదో జిల్లా ఉత్తర్వులో చూసుకోండి.

నది దగ్గర వానలు వెనక్కి తగ్గాక ఒండ్రు మిగులుతుంది. పైన ఎండినట్టు కనబడుతుంది, కాలు పెడితే పిక్కదాకా దిగుతుంది. పగలే కర్రతో గుచ్చి చూసి, గట్టి నేల ఉన్నంతమేర తాడు కట్టండి. నీళ్లలోకి ఇద్దరు ముగ్గురే దిగాలి, మిగతావాళ్లు తాడు ఇవతలే.

ప్రాణహిత ఒడ్డు:
అమావాస్య తేదీ మేమూ రాయలేదు, రేపే మార్చి ఇస్తాం. పైన పెట్టిన గౌరమ్మను ఎప్పుడు తీయాలి?

చాందా కోడలు:
నీళ్లలోకి దించకముందే, గట్టు మీదే తీయండి. ఆ పసుపు పుస్తెలకు పెట్టుకునేది కాబట్టి, ఇంతమందికి సరిపడా గౌరమ్మను కాస్త పెద్దగానే చేయండి.